లిఫ్ట్ కింద నలిగిన కాలు

దెబ్బ తగిలింది పొద్దున. అసలు తేడా తెలిసింది మాత్రం సాయంత్రం. కుడి పిక్క రాయిలా బిగుసుకుంది. వేళ్లు కదిపితే ప్రాణం పోయినంత పనైంది.

నేను సినిమాల్లో ఫైటర్‌ని. కార్లు పల్టీ కొట్టించడం నా పని. వాటిని బాగుచేసుకోవడానికి ఫిల్మ్‌నగర్‌లో మా ఇంటి గరాజ్‌లోనే కారును పైకెత్తే లిఫ్ట్ పెట్టించాను. బిగించడానికి వచ్చిన యాదగిరి ముందే చెప్పాడు: "అన్నా, జర ఫ్లోర్ తవ్వి చూద్దాం. కింద ఏమున్నదో ఏమో."

"గుట్ట మీద ఇల్లురా! కింద బండ గాక బంగారముంటదా? బిగించు," అని కసిరాను.

బండ లేదు. ఇల్లు కట్టినవాడెవడో వాలు సరిచేయడానికి మట్టి నింపి, పైన పలచగా కాంక్రీటు పోశాడు. కారు నడుమెత్తు లేచిందో లేదో బోల్టులు నేలను పెళ్లగించుకుని వచ్చేశాయి. స్తంభం ఒరిగింది. కారును మోసే ఇనుప చెయ్యి నా కాలిని గోడకేసి కొట్టి, అక్కడే నొక్కేసింది. రక్తం గోడ మీదికి చిమ్మింది. యాదగిరి జాకీ పెట్టి లేపేదాకా నలుగుతూనే ఉన్నాను.

మా ఫైటర్లకో పాడు అలవాటుంది. దెబ్బ తగిలితే ముందు బొటనవేలెత్తి "ఓకే" అనాలి. అరిచినవాణ్ణి ఫైట్ మాస్టర్ మళ్లీ పిలవడు. నేనూ బొటనవేలెత్తాను. క్లినిక్‌లో కుట్లు వేశారు. ఎక్స్‌రేలో ఎముక బాగుంది, నొప్పి పెరిగితే పెద్దాసుపత్రికి వెళ్లమన్నారు. మధ్యాహ్నానికే పెరిగింది. నోరు మూసుకున్నాను.

సాయంత్రం నా భార్య సరోజ నా పిక్క మీద చెయ్యి వేసింది. నొప్పికి ఆమెను ఒక్క తోపు తోశాను. బీరువాకు కొట్టుకుని నుదురు చిట్లింది. అయినా లేచింది. "నీ రోషం మండ! నన్ను ఇంకో దెబ్బ కొట్టు గని ఆటో ఎక్కు. గీ కాలు పోతే నిన్నెవడు పిలుస్తడు?"

బంజారాహిల్స్ ఆసుపత్రిలో డాక్టరమ్మ నా బొటనవేలు పైకి వంచారు. దుప్పటి కొరికాను.

"కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్. లోపలి ప్రెషర్‌కి కండకు రక్తం అందట్లేదు. వెంటనే ఫాషియోటమీ చేయాలి, అంటే పిక్క కోసి ఆ ప్రెషర్ వదలాలి."

"కాలు తీసేస్తరా?"

"తీయకూడదనే కోస్తున్నామండీ. ఇంతసేపు ఎందుకాగారు?"

సిగ్గుతో చచ్చాను.

మెలకువ వచ్చేసరికి కాలు రెండు పక్కలా తెరిచి ఉంది. లోపలి కండ, దుకాణంలో వేలాడే మాంసంలా కనిపించింది. చచ్చిన కండను రెండుసార్లు కోసి తీశారు. ఐదో రోజు ఇన్‌ఫెక్షన్, ఒళ్లు కాలిపోయే జ్వరం. "తగ్గకపోతే కాలు వదులుకోవాల్సి రావచ్చు," అన్నారు డాక్టర్. ఆ రోజు డ్రెస్సింగ్ చేస్తున్న మేల్ నర్సు కాలర్ పట్టుకున్నాను. "సంపుతవారా నన్ను!"

"అరవండి సార్, గట్టిగా అరవండి. కాలర్ మాత్రం వదలండి," అన్నాడతను.

వార్డంతా దద్దరిల్లేలా అరిచాను, వెక్కివెక్కి ఏడ్చాను. ఏ మాస్టరూ చూడలేదు, చూసినా నాకు పట్టేది కాదు. యాంటీబయాటిక్ మార్చాక జ్వరం దిగింది. తొడ చర్మం తీసి స్కిన్ గ్రాఫ్ట్ వేశారు.

కాలు దక్కింది. కానీ పాదం పైకి లేవదు, పాదాన్ని ఎత్తిపట్టే స్ప్లింట్ లేకుండా నడవలేను. ఫైట్లు పోయాయి, కార్లు బాగుచేసి బతుకుతున్నాను. సరోజ నుదుటి మీది మచ్చ చూసి క్షమించమన్నాను. "మాఫ్ చేస్త గని మర్చిపోను," అంది. మర్చిపోకూడదు కూడా.

మధ్యాహ్నమే వచ్చుంటే మళ్లీ ఫైట్లు చేసేవాణ్ణా అని చివరి చెకప్‌లో డాక్టర్‌ని అడిగాను.

"చేసేవారేమోనండీ," అన్నారు.

అందుకే చెబుతున్నా. నొప్పి మాత్ర వేసుకున్నా నలిగిన చోట నొప్పి పెరుగుతుంటే, వేళ్లు కదిపితే ప్రాణం పోతుంటే, ఎముక విరగలేదు కదా అని ఇంట్లో కూర్చోకండి. ఇల్లు అదిరేలా అరవండి. ఎవరో ఒకరు వచ్చి ఆసుపత్రికి మోసుకుపోతారు.