స్వేచ్ఛగా ఆడుకోవడానికి రిహార్సల్

అమలాపురంలో మా మనవరాలు చదివే చిన్నపిల్లల బడిలో ఈ ఏడాది ఒక కొత్త పీరియడ్ పెట్టారు. అన్నాలయ్యాక ఓ గంటసేపు పిల్లలు తమకు నచ్చిన ఆట ఆడుకోవచ్చు. ఏం ఆడాలో పెద్దవాళ్లు చెప్పకూడదు. ఆ గది తలుపు మీద ‘ఫ్రీ ప్లే’ అని బోర్డు పెట్టారు. దాని కిందే ‘అరవరాదు’, ‘పరుగెత్తరాదు’ అని మరో రెండు.

నాలుగేళ్ల మా మనవరాలికి ఆ గంటే బడి. మిగతాదంతా దానికోసం కాచుకుని కూర్చోవడం. వాళ్ల అమ్మమ్మగారిది నర్సాపురం కావడంతో సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కడం దానికి బాగా అలవాటు. అందుకని బడిలో కుర్చీలు రెండు వరసలు వేసి పంటు కట్టేది. అసలు పంటులాగే ఇదీ నిండితేగాని కదలదు. “ఇంకో మోటారుసైకిలు ఎక్కాలండీ, కాస్త సర్దుకోండి!” అని కేకలు. మోటారుసైకిలంటే ఓ బొద్దు పిల్లాడు. డుగుడుగుమని శబ్దం చేసుకుంటూ వచ్చి ఎక్కేవాడు.

ఆ బొద్దు పిల్లాడి తండ్రికే ఈ పద్ధతి గిట్టలేదు. ఓ సాయంత్రం గేటు దగ్గర ప్రిన్సిపల్ మేడంని పట్టుకున్నాడు.

“ఆడుకోడానికైతే మా పెరట్లో బోల్డంత చోటుందండి. పక్క బడి పిల్లలు అప్పుడే ఎక్కాలు చెప్పేత్తన్నారు. మావాడు ఇంటికొచ్చి సైలెన్సరు ఊడిపోయిన బండిలా అరుత్తన్నాడు.”

“ఆయ్, శనివారం అందర్నీ పిలుత్తున్నామండి. మీరే చూడండి. నచ్చకపోతే ఆ గంట తీసేసి దస్తూరీ పెట్టేత్తాం” అంది మేడం. నావైపు తిరిగి, “బాబాయ్ గారూ, మీరూ రావాలి. పేపర్లో నాలుగు ముక్కలు పడితే బాగుంటది” అంది.

“నేను రిటైరయ్యానమ్మా.”

“అలవాటు పోద్దేటండీ!”

మర్నాటినుంచి, పిల్లలు తమంతట తాము ఎలా ఆడుకోవాలో మేడం దగ్గరుండి నేర్పడం మొదలుపెట్టింది. మా మనవరాలు మెడలో ప్లాస్టిక్ స్టెతస్కోపుతో ఇంటికొచ్చింది.

“నేను డాక్టరంట తాతా.”

“నీకిష్టమేనా?”

“ఇష్టమంట. మేడం చెప్పేరు.”

శనివారం వెళ్లేసరికి పంటుకి పనికొచ్చే కుర్చీలన్నీ తల్లిదండ్రుల కింద ఉన్నాయి. చిన్నపిల్లల కుర్చీలు కావడంతో పెద్దమనుషులందరికీ మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. ఎదురుగా తెల్లకోటు డాక్టరు, కూరగాయల అబ్బాయి, పోలీసు, పేషెంటు. “ఇప్పుడు మా పిల్లలు వాళ్లకి తోచినట్టు ఆడుకుంటారండి” అని ప్రకటించింది మేడం. చప్పట్లు కొట్టాం.

ఒక్కరూ కదల్లేదు. ఎవరు ముందు మొదలుపెట్టాలో మరిచిపోయారు. మేడం కళ్లతో సైగ చేస్తోంది. వెనకనుంచి ఒకావిడ, “తక్కెడ పట్టుకో నాన్నా, తక్కెడ!” అని గుసగుసగా అరిచింది. బొద్దు పిల్లాడి తండ్రి వాచీ చూసుకున్నాడు. ఆ గంట దస్తూరీ పాలయిపోయిందనే అనుకున్నాను.

అప్పుడు మా డాక్టరు స్టెతస్కోపు తీసి పక్కన పడేసింది. బల్లమీది స్కేలు అందుకుని, నడుం మీద చెయ్యి వేసి, టపటపా కొట్టింది.

“ఏంటలా నిలబడ్డారు? ఇష్టమొచ్చినట్టు ఆడమన్నానా లేదా? ఒరేయ్ కూరగాయలూ, నవ్వుతూ అమ్మాలి! పేషెంటు అటు తిరగకూడదు, మీ నాన్నగారికి కనపడాలి!”

ఆ గొంతు, ఆ చెయ్యి, ఆ తల ఊపడం అచ్చం మేడంవే. పిల్లలకు వెంటనే అర్థమైంది, ఇది ఆటని. పోలీసు ఉత్తుత్తి ఏడుపు ఎత్తుకున్నాడు. పేషెంటు చిటికెనవేలు చూపించి, “మేడం, బాత్రూం” అంది. “ఇష్టమొచ్చినట్టు ఆడేదాకా ఎవ్వరూ కదలకూడదు!” అని స్కేలు మళ్లీ మోగింది.

మేడం మొహం కందగడ్డ అయింది. కానీ గదంతా ఒకటే నవ్వులు. బొద్దు పిల్లాడి తండ్రి లేచి నిలబడ్డాడు. కుర్చీ కూడా ఆయనతోపాటే లేచింది.

“ఎంత బాగా నేర్పేరండీ! ఒక్క డైలాగూ తప్పలేదు!”

“ఆయ్, వారం రోజులు ప్రాక్టీసు చేయించేమండి” అంది మేడం తడుముకోకుండా.

అలా ఆ గంట నిలబడింది. సోమవారానికి గోడమీద దాని టైంటేబులు వెలిసింది. సోమవారం డాక్టరు, మంగళవారం కూరగాయలు, బుధవారం పోలీసు. ‘మేడం ఆట’ని వార్షికోత్సవానికి అట్టేపెట్టారు. పంటు ఎక్కడా లేదేమని అడిగాను.

“దానికేం ఫ్యూచరుందండి బాబాయ్ గారూ? ఎక్కడికక్కడ వంతెనలు కట్టేత్తంటేను!”

ఆ సాయంత్రం స్కూటరు మీద వస్తూ మనవరాలిని అడిగాను.

“ఇవాళ ఆటల గంటలో ఏం చేశావమ్మా?”

“డాక్టరు చేసేను.”

“పంటు మానేశావా మరి?”

 నా వీపుకి మొహం ఆనించి మెల్లగా చెప్పింది.

“అ ఆలు దిద్దే పీరియడ్‌లో నడుపుతున్నాను. పెన్సిలు డబ్బాలో. రబ్బరుముక్కలు ఎక్కుతాయి. అప్పుడు మేడం ఫోన్ చూసుకుంటారు కదా.” సందు మలుపు తిరిగాక నా చొక్కా పట్టుకుని లాగింది. “పేపర్లో మాత్రం వెయ్యకు తాతా. దానికీ ప్రాక్టీసు పెట్టేత్తారు.”