మామ కట్టిన కంచె

కొత్త ఇనుపతీగ వాసన తగిలితే పలమనేరులోని మా ఆవులదొడ్డి గుర్తొస్తుంది. తోడేలు ఒక దూడను ఈడ్చుకుపోయాక, నాయన దొడ్డి చుట్టూ రాతికూసాలు లోతుగా పాతించాడు. వాటికి ముళ్లతీగ బిగించే పని మామ తీసుకున్నాడు. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకెళ్లి వచ్చినప్పటి నుంచి ఆయన ఎవరితోనూ సరిగా మాట్లాడేవాడు కాదు. జైలు చుట్టూ కూడా ముళ్లతీగే ఉంటుందని విన్న నాకు ఏడుపొచ్చింది.

"మామా, మన ఆవులు ఏం తప్పు చేసినాయి?" అని అడిగాను.

మామ తీగ వదిలి పకపకా నవ్వాడు.

"ఇది వాటికి జైలు కాదు పాపా. తోడేలు లోపలికి రాకుండా కడతా ఉండాను. పొద్దున్నే తలుపు తీసేది నువ్వే, సూడు."

మర్నాడు మామ పెట్టిన వెడల్పాటి తలుపు తీశాను. దూడలు గంతులేస్తూ బీడులోకి పరుగెత్తాయి. వాటి వెనకే మామ ఈల వేసుకుంటూ నడిచాడు. ఆ కంచె చాలా ఏళ్లు నిలిచింది. దానికి అంత వెడల్పు తలుపు ఎందుకు పెట్టాడో పెద్దయ్యాక అర్థమైంది.