పాత బడికి విడి ఫోటో

ద్రాక్షారామానికి దగ్గర్లో, కాలవ గట్టునున్న ఆ ఊళ్ళో ఫోటో అంటే అప్పాజీయే తీయాలి. ఆ పని అతనికి ఎవరూ నేర్పలేదు. మూలపడ్డ కెమెరా ఒకటి విప్పి, మళ్ళీ బిగించి, చేతిలో మిగిలిపోయిన స్క్రూ ఎక్కడిదో వెతుక్కుంటూ నేర్చుకున్నాడు. పెళ్ళిళ్ళలో జనం మీదపడితే మిగతావాళ్ళు రీలు మిగుల్చుకోవడానికి ఉత్తుత్తి ఫ్లాష్ కొట్టి పంపేస్తారు. అప్పాజీ కొట్టడు. "మనిషి నవ్వాక ఫిల్ము కదలకపోతే అది దొంగతనమండీ" అంటాడు. ఆ నియమం వల్ల తాళి కట్టే వేళకి రీలు అయిపోయి పెళ్ళివారి చేత తిట్లు తిన్నాడు కూడా.

పాత బడి అంటే అతనికి ప్రాణం. చదువు అబ్బిందని కాదు, అది అయిదో తరగతితోనే ఆగింది. ఆ బడి వరండాలో పొద్దుటిపూట పడే వెలుతురు కోసం. గానుగ సున్నం గోడకి తగిలి మెత్తగా తిరిగొచ్చే ఆ వెలుతురులో ఎంత ఏడుపుమొహం పిల్లాడైనా కళగా పడతాడు. ఏటేటా ఏడో తరగతి గ్రూపు ఫోటో అక్కడే.

దాని ఎదురుగా చిన్న ఆవరణ మాత్రం వదిలి కొత్త డాబా కట్టడంతో చిక్కొచ్చింది. ఆఫీసు కాగితాల్లో రెండూ కలిపి ఒకే బడి. కొత్తది తయారైంది గనక పాతది పడగొట్టేయమని ఉత్తర్వు వచ్చింది. హెడ్మాస్టరు అనంతకృష్ణ గారు, పాత కట్టడాల వివరాలు రాసుకుంటున్న రాజమండ్రి ఆఫీసుకి అర్జీ పెట్టారు. పాతదాన్ని విడిగా నమోదు చేస్తే కూల్చడం ఆగుతుందనీ, అందుకు దాని ఫోటో విడిగా కావాలనీ, సోమవారం ఇంజనీరు వస్తారనీ జవాబొచ్చింది.

"పాతది ఒక్కటే పడాలి అప్పాజీ. నిండుగా పడాలి. చూడగానే పాతదని తెలియాలి. లేకపోతే వచ్చే నెలకి పెంకు ముక్క కూడా మిగలదు" అన్నారు మాస్టారు.

"నాకొదిలేయండి మాస్టారూ" అన్నాడు అప్పాజీ.

ఆదివారం పొద్దున్నే కొత్త రీలు ఎక్కించుకుని వెళ్ళినవాడు ఆవరణలోనే ఆగిపోయాడు. గోడలు ఆకుపచ్చ. తలుపులు ఆకుపచ్చ. గుమ్మానికి మామిడి తోరణాలు, అటూ ఇటూ అరటి బోదెలు. ఫోటో అనగానే ముస్తాబు కావాలన్నది ఆ ఊరి పద్ధతి. ప్రెసిడెంటు సత్తిరాజు గారు కొత్త డాబాకి వేయగా మిగిలిన రంగుతో రాత్రికి రాత్రే పని కానిచ్చేశారు.

"ఏంటండీ ఇది! కొత్తదానికి కవలపిల్లలా ఉంది!"

"పెళ్ళిచూపులకి పిల్లని మాసిన కోకతో కూచోబెడతామేంటయ్యా?" అన్నారు సత్తిరాజు గారు, ఇస్త్రీ చొక్కా సర్దుకుంటూ.

"ఇక్కడ చూపించాల్సింది వయసండీ!"

"పెళ్ళిచూపుల్లో వయసెవడు చెప్తాడయ్యా? ముందు మమ్మల్ని తియ్యి."

ఆయన మెట్ల మీద నిలబడ్డారు. ఆ తర్వాత ఆయన, వార్డు మెంబర్లు. ఆ తర్వాత పూర్వ విద్యార్థులు. ఆ తర్వాత భార్యతో ఆయన. ఆ తర్వాత ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్కరూ. ఒక్కోసారీ ఫ్లాష్ వెలిగింది, ఒక్కోసారీ ఫిల్ము కదిలింది. మాస్టారు కంగారుగా దగ్గరికొచ్చి చెవిలో అన్నారు:

"ఉత్తుత్తిది కొట్టకూడదుటయ్యా, ఈ ఒక్కసారికీ?"

"కొట్టలేనండీ."

జనం తప్పుకునేసరికి రీల్లో ఒక్క ఫోటో మిగిలింది. రెండో రీలు కొందామంటే ఆదివారం, కొట్లు లేవు. పోనీ ఉన్నదాంట్లో తీద్దామని వెనక్కి నడిస్తే కొత్త డాబా గోడ వీపుకి తగిలింది. అక్కణ్ణుంచి పాత బడి సగమే పడుతుంది. పక్కకి జరిగితే కొత్తది తొంగిచూస్తుంది. రంగు సంగతి సరేసరి. అప్పాజీ మెట్ల మీద కూలబడ్డాడు.

అప్పుడే బడి ఊడ్చే లోవమ్మ తట్టతో వచ్చింది. వెనక గోడకి పిడకలు కొడుతోందని మాస్టారి చేత రోజూ చీవాట్లు తినే మనిషి.

"ఆ రంగులేసేవోడు నా గోడక్కూడా వచ్చాడు బాబూ. పచ్చి పిడకల మీద రంగేస్తాడంట! చీపురు తిరగేసేసరికి పోయాడు."

అప్పాజీ దిగ్గున లేచాడు. "అంటే వెనక రంగు పడలేదా?"

"నేనుండగా?"

వెనక గోడ అంచునే కాలవ. గోడ పట్టుకుని మనిషి నడిచేంత గట్టే గానీ, వెనక్కి జరిగి ఫోటో తీయడానికి చోటు లేదు. చేపలు పట్టే చిట్టియ్యని బతిమాలి అతని తాటిదోనె ఎక్కాడు. దోనె ఊగుతోంది. స్టాండు వేయడం కుదరదు.

"లెగకు బాబూ! లెగిస్తే మనం ఫోటోలో కాదు, రేపు పేపర్లో పడతాం" అన్నాడు చిట్టియ్య.

అప్పాజీ దోనె అడుగున వెల్లకిలా పడుకుని, తల చిట్టియ్య కాళ్ళకి ఆనించి కెమెరా ఎత్తాడు. నీటిమట్టం నుంచి చూస్తే కొత్త డాబా పాత పెంకుల వెనక పూర్తిగా దాక్కుంది. సున్నం రాలిన ఇటుక కమానులు, టేకు కిటికీలు, నాచు, వాటి కింద బారులు తీరిన పిడకలు. చిట్టియ్య గెడ బురదలో గుచ్చి ఊపిరి బిగబట్టాడు. అప్పాజీ మిగిలిన ఆ ఒక్క ఫోటో తీశాడు.

ఆ రాత్రంతా కూచుని అప్పాజీ ఫోటోలు కడిగాడు. సోమవారం వచ్చిన ఇంజనీరమ్మాయి ముందు మెట్ల మీది ఫోటోలు తిరగేసింది.

"ఇవి కొత్త బిల్డింగువి కదండీ?"

సత్తిరాజు గారి మొహం వాడిపోయింది. అప్పాజీ చివరి ఫోటో అందించాడు. ఆ అమ్మాయి దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి చాలాసేపు చూసింది. కాలవ వైపు వెళ్ళి గోడ చేత్తో తడిమి వచ్చింది.

"దీన్ని విడిగా రాసుకుంటున్నానండీ. పడగొట్టకుండా ఆఫీసు నుంచి కాగితం పంపిస్తాను" అంది.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సత్తిరాజు గారు మాత్రం ఊరుకోలేదు. "ఊరి ప్రెసిడెంటుని, నేను లేకుండా రాజమండ్రి వెళ్తుందా బడి?"

"మీరున్నవన్నీ తీశానండీ. ఒక్కటీ ఉత్తుత్తిది కాదు" అన్నాడు అప్పాజీ.

లోవమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని ఫోటో అందుకుంది. బారులన్నీ పరీక్షగా చూసి, ఒక మూల వేలు పెట్టింది.

"అమ్మాయిగోరూ, ఈ వంకరగా ఉన్నయి నేను కొట్టినవి కాదండి. మా కోడలివి. ఎలాగూ రాస్తన్నారు కదా, అయ్యి కూడా ఇడిగా రాసుకోండి."