రాజు నోట ‘జర’

పొద్దున ఒక పేరున్న సినిమా నటుడు పోయాడని తెలిసింది. మా పెద్దక్కతో మహబూబాబాద్ నుంచి గార్లకు బస్సులో వస్తుంటే చుట్టూ ఫోన్లలో ఆయన హిట్ పాటలే. నాకు మాత్రం ఆయన కాకతీయ రాజుగా వేసిన, వారం కూడా ఆడని సినిమా గుర్తొచ్చింది. అందులో యుద్ధం నుంచి తిరిగొచ్చిన రాజు తల్లిని, “అవ్వా, జర మంచినీళ్లియ్యి” అని అడుగుతాడు.

“జర ఉర్దూ మాట కదక్కా. కాకతీయులప్పుడు యాడిది? పెద్ద తప్పు గది,” అన్నాను.

అక్క కిటికీలోంచి చూస్తూనే చెప్పింది: “తప్పైతే కానియ్ తమ్మీ. గప్పటిదాంక సినిమాలల్ల మన తీరు మాట్లాడెటోడు రౌడీ, లేకుంటే నవ్వించెటోడు. మన మాట మాట్లాడిన రాజు గాయన ఒక్కడే.”

నేను ఫోన్ తీసి ఆ సినిమా కోసం వెతికాను, దొరకలేదు. అక్క ఆ సినిమా మళ్లీ చూడాలంటోంది. ఎక్కడ దొరుకుతుందో తెలిసినవాళ్లు జర చెప్పండి.