మావయ్య ఆడని ఆట

నా చిన్నప్పుడు మా ఊరి ఇసుకలో గోలుపోస్టు అంటే రెండు తెడ్లు. పొద్దున్న సముద్రం మీదికి వెళ్లొచ్చిన తెడ్లనే సాయంత్రం ఇసుకలో పాతేవారు. ఎదురుగా, కాస్త దూరంలో, మరో రెండు. గీతలు గీసేవారు కాదు, ఈల వేసేవారు లేరు. కెరటం వెనక్కి తగ్గిన రోజున మైదానం వెడల్పు, ముందుకొచ్చిన రోజున ఇరుకు. భావనపాడు ఒడ్డున ఆ తెడ్ల మధ్య మా మావయ్య ఆడుతుంటే చూసిన దాన్ని. ఇప్పుడు టీవీలో ఎంత పచ్చటి మైదానం చూపించినా నా కంటికి ఆనదు.

మావయ్య అంటే మా అమ్మకు తమ్ముడు. నేను అమ్మమ్మ దగ్గరే పెరిగాను కాబట్టి ఆయన చంక దిగింది తక్కువ. చెప్పుల్లేని కాళ్లు, మోకాళ్ల పైకి కట్టిన లుంగీ, నీళ్లు తాగి బరువెక్కిన బంతి. ఆ బంతిని ఆయన కుడికాలితో కొడితే ఎటు పోయిందో గోలు కాసేవాడికి తెలిసేది కాదు. చేపలకు ఉప్పు పట్టించే ఆడవాళ్లు కూడా చేతులు ఆపేసి చూసేవారు. గోలు పడితే ఊరు ఊరంతా ఆయన్ని భుజాల మీదికి ఎత్తుకునేది. ఆ భుజాల మీంచి ఆయన నా కోసం వెతికి, కనబడగానే కన్ను కొట్టేవాడు. అదేమిటో, ఆ కన్నుగీటు కోసం ఈ వయసులో కూడా నాకు బెంగ పుడుతుంది.

ఇప్పుడు ఇదంతా ఎందుకు తవ్వుకుంటున్నానంటే మా మనవరాలి వల్ల. విజయనగరంలో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. ఇంటర్ చదివే ఈ పిల్లకు ఫుట్‌బాల్ పిచ్చి. గోడ నిండా ఒకడే ఆటగాడు. నిద్ర లేస్తూనే దేవుడి పటం కంటే ముందు వాడి ముఖమే చూస్తుంది. నేనేమైనా అంటే మూతి ముడుచుకుంటుంది. అలాంటి పిల్ల మొన్న మధ్యాహ్నం తన మంచం మీద కంచం ముందు పెట్టుకుని మెతుకు ముట్టలేదు. సంగతేమిటంటే, ఆ ఆటగాడు తన వాకిట్లోకి వచ్చిన వీధికుక్కను కర్రతో చావగొట్టాడట. ఎవరో ఫోన్లో తీశారట. పోలీసులు క్రిమినల్ కేసు పెట్టారట.

వాడి అభిమానులు రాస్తున్నవన్నీ మనవరాలు నాకు చదివి వినిపించింది. ఆ వీడియో ఉత్తదని ఒకడు. కుక్కే ముందు మీద పడిందని ఇంకొకడు. పెద్ద ఆట ముందు కావాలని ఇరికించారని, ఒక కుక్క కోసం ఇంత రాద్ధాంతమేమిటని మరికొందరు. అటుపక్క ఇంకో గుంపు, నిన్నటిదాకా వాడి బొమ్మ ఉన్న చొక్కాలు వేసుకున్నవాళ్లే, ఆ చొక్కాలు తగలబెట్టి ఫొటోలు పెడుతున్నారు. “మా గ్రూపులో అందరం ఒకేసారి ‘ఆయన ఏ తప్పూ చేయలేదు’ అని పెట్టాలట. నన్నూ పెట్టమంటున్నారు. నేనేం చెయ్యను మామ్మా?” అంది.

నాకు నవ్వు రాబోయి ఆగింది. ఆ మాటలన్నీ నేను ఫోన్లు లేని కాలంలోనే, ఒకే ఒక్క రోజులో, మా ఊరి ఒడ్డున విన్నాను. కంచం పక్కకు జరిపి, ఆ రోజు సంగతి దానికి చెప్పాను.

ఆ ఆదివారం పక్క ఊరితో మాకు పోటీ. ఎప్పుడూ ఉండే పోటీయే గానీ, ఈసారి విశాఖపట్నం నుంచి ఒక పెద్దాయన మావయ్య ఆట చూడటానికి వస్తున్నాడని కబురొచ్చింది. ఆట నచ్చితే అక్కడి జట్టులోకి తీసుకుంటాడు, దాంతోపాటు ఉద్యోగం. మా ఇళ్లలో సముద్రం కాకుండా ఇంకో బతుకు అంటూ చూసినవాళ్లు అప్పటికి లేరు. అమ్మమ్మ పైకి ఏమీ అనేది కాదు గానీ, ఆ వారమంతా మావయ్య కంచంలో ఇంకాస్త కూర పడేది.

ఆదివారానికి ఇంకా కొన్ని రోజులున్నాయనగా, తెల్లవారుతూనే అలివి వల లాగారు. అది ఊరంతా కలిసి ఒడ్డున నిలబడి తాడుతో లాగే పెద్ద వల. పడిన చేపలో అందరికీ వాటా ఉంటుంది. ఆ రోజు వల బరువు చూసి అందరి ముఖాలూ వెలిగాయి. తీరా ఒడ్డుకు వచ్చేసరికి వల చిరిగి ఉంది. అంత చేపా ఆ కంతలోంచి పోయింది. లోపల మిగిలింది ఒక పెద్ద తాబేలు.

తాబేలంటే మా వాళ్లకు సామి. శ్రీకూర్మం మా జిల్లాలోనే ఉంది కదా. వలలో తాబేలు పడితే ఆడవాళ్లు పసుపు కలిపి తెస్తారు. లాగినవాడు అందులో చెయ్యి ముంచి దాని డిప్ప మీద అద్ది, కుంకుమ పెట్టి, నడుం లోతు నీళ్లదాకా మోసుకెళ్లి వదిలేస్తాడు. వల చిరిగినా సరే, తిట్టకూడదు.

మావయ్యకు ఆ రోజు ఏం పట్టిందో. చీకటితో లేచి తాడు పట్టిన మనిషి, అరచేతులు ఒరుసుకుపోయి ఉన్నాయి. పడవలోంచి తెడ్డు లాగి తాబేలును వెల్లకిలా తిరగేసి కొట్టాడు. దాని కాళ్లు గాలిలోనే ఈదుతున్నాయి.  కుర్రాళ్లలో ఎవడో “గోలే బావా” అన్నాడు. ఇంకొందరు నవ్వారు. మావయ్య తెడ్డు విసిరేసి వెళ్లిపోయాడు. చేపలు ఎండబెడుతున్న అమ్మమ్మ పరుగున వచ్చి, ఇంకో ఇద్దరితో కలిసి దాన్ని బోర్లా తిప్పి నీళ్లు పోసింది. ఎండెక్కేసరికి అది చచ్చిపోయింది.

ఊరి పెద్ద ఆ పూట టెక్కలి వెళ్లాడు. ఆయన వచ్చేలోపు ఊరంతా కూడబలుక్కుంది. తాబేలు వలలో చచ్చే వచ్చిందని కొందరు. చూసిన ఆడవాళ్లకు చూపు ఆనలేదని కొందరు. పక్క ఊరివాళ్లే ఆటకు ముందు ఈ పుకారు పుట్టించారని ఇంకొందరు. తాబేలుదేముంది, సముద్రం నిండా ఉన్నాయని మా జట్టు పెద్ద. అతను మా ఇంటికొచ్చి అమ్మమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు.

“అత్తా, నువ్వు సూసినావని సెప్పకు. ఆడి బతుకు బాగుపడే రోజిది. నీ కొడుకే కదా” అన్నాడు.

అమ్మమ్మ పసుపుకొమ్ములు నూరుతోంది. “నాను సెప్పను లేరా, ఎల్లు” అంది. అతను ఊపిరి పీల్చుకుని వెళ్లాడు. నాకూ ప్రాణం లేచొచ్చింది. మావయ్య మాత్రం గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మా వైపు చూడలేదు, అన్నానికీ రాలేదు.

సాయంత్రం పడవల దగ్గర ఊరు కూడింది. మధ్యలో ఆ తాబేలు. ఏమైందని ఊరి పెద్ద అడగ్గానే గుంపు గుంపంతా ఒక్క గొంతుతో “సచ్చే వచ్చినాది” అంది. ఆ హోరులో నేను కూడా నమ్మేసేలా ఉన్నాను.

అప్పుడు అమ్మమ్మ పసుపు గిన్నె తెచ్చి తాబేలు పక్కన పెట్టింది. “సచ్చే వచ్చిందంటే దానికి పసుపు పడనేదు. మీరందరూ సూసినారంట కదా. ఒక్కొక్కరూ రండి. సెయ్యి ముంచి డిప్ప మీద ఎట్టి, ఇది సచ్చే వచ్చినాదని ఆ మాట సెప్పి ఎల్లండి. ముందు ఎవలొస్తారు?” అంది. కోపంగా అనలేదు. అన్నానికి పిలిచినట్టు అంది.

ఎవరూ రాలేదు. జట్టు పెద్ద తువ్వాలు దులుపుకున్నాడు. ఒకడికి పడవ తాడు గుర్తొచ్చింది. “గోలే బావా” అన్నవాడు వాళ్ల నాన్న వెనక్కి జరిగాడు. అంతసేపు అరిచిన గుంపు అదే, మనుషులూ వాళ్లే, ఒక్కొక్కరుగా రమ్మనేసరికి అందరూ ఇసుక వైపు చూస్తున్నారు.

చివరికి మావయ్య వచ్చాడు. గిన్నెలో చెయ్యి ముంచాడు. ఆ చెయ్యి డిప్ప మీద పెట్టి, చాలాసేపు తీయలేదు. “సచ్చి రానేదు. నానే సంపేసినాను” అన్నాడు.

ఊరి పెద్ద వేసిన తీర్పు మరీ కఠినమైందేం కాదు. గొయ్యి తీసి తాబేలును మర్యాదగా పాతిపెట్టాలి, వల తనే కుట్టాలి, ఆ ఆదివారం ఆడకూడదు. చివరి మాట వినగానే జట్టు పెద్ద ఆయన కాళ్లమీద పడ్డాడు. “విశాపట్నం నుంచి మనిసొస్తాడు పెద్దయ్యా. ఆ ఆట ఆడనియ్యండి, తరవాత ఏ సిచ్చయినా ఎయ్యండి” అని బతిమాలాడు. పెద్దాయన మనసు కూడా మెత్తబడినట్టుంది. అమ్మమ్మ వైపు తిరిగి ఏమంటావని అడిగాడు. కన్నతల్లి కదా, ఒక్క మాట అంటే అయిపోయేది. అమ్మమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “మీరు సెప్పిందే” అంది.

ఆదివారం ఒడ్డంతా జనం. మొన్నమొన్నటిదాకా మావయ్య తప్పు లేదన్నవాళ్లే ఇప్పుడు ఆయన వల్లే ఊరు మునిగిందంటూ ముఖం చాటేశారు. ఎదురుపడితే దరిద్రమన్నట్టు పక్కకు తప్పుకున్నారు. ఆయన దూరంగా దిబ్బ మీద, మొగలి పొద పక్కన ఒంటరిగా కూర్చున్నాడు. నేను ముందు వరసలో పిల్లల్తో ఉన్నాను. ఎందుకో వెనక్కి తిరిగి చూస్తే, అమ్మమ్మ ఎండుచేపల గంప అక్కడే వదిలేసి, చోడి అంబలి ముంత పట్టుకుని దిబ్బ ఎక్కుతోంది. అమ్మకానికి కూర్చున్నాక మా అమ్మమ్మ గంప వదలడం నేనెప్పుడూ చూడలేదు. నేనూ లేచి ఆవిడ వెనకాలే పరిగెత్తాను.

“ఎల్లమ్మా. నా పక్కన కూకుంటే నిన్నూ అంటారు” అన్నాడు మావయ్య.

అమ్మమ్మ ముంత ఆయన చేతికిచ్చి ఇసుకలో చతికిలబడింది. “ఇంకెక్కడ కూకోమంటావురా” అంది.

మావయ్య ఏడ్చేశాడు. అంత మనిషి, నా ముందే, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను రెండో పక్కన కూర్చున్నాను. ఆయన నా నెత్తి మీద చెయ్యి వేశాడు. అరచేతి గీతల్లో ఇంకా పసుపు ఉంది. మా ఊరు ఓడిపోయింది. విశాఖపట్నం పెద్దాయన ఆట మధ్యలోనే లేచాడు. పక్క ఊరి కుర్రాణ్ణి పిలిచి మాట్లాడి, బస్సెక్కి వెళ్లిపోయాడు. ఆ దారి వైపు మావయ్య చీకటి పడేదాకా చూస్తూనే ఉన్నాడు.

అలాంటి మనిషి మళ్లీ రాలేదు. మావయ్య ఇంకొన్నేళ్లు ఆ తెడ్ల మధ్యే ఆడి, కాళ్లు నెమ్మదించాక గుజరాత్ పడవల మీద పనికి వెళ్లాడు. ఊళ్లో ఉన్నన్నాళ్లూ వలలో తాబేలు పడితే మాత్రం ఇంకెవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. తనే మోసుకెళ్లేవాడు. అమ్మమ్మ ఆ రోజు ఒక్క మాట అని ఉంటే ఆయనకు ఉద్యోగం ఉండేది, పక్కా ఇల్లు ఉండేది, ఆ పరాయి ఒడ్డున అంత కష్టం తప్పేది. ఇది నేను ఎన్నిసార్లు అనుకున్నానో. ఒకసారి ఉండబట్టలేక ఆయన్నే అడిగాను. “ఆడేద్దును. గోలు కూడా ఏసేద్దును. మరి మా యమ్మ ముకం ఎలా సూద్దునే?” అని నవ్వాడు. ఆ నవ్వూ పోయింది, ఆ మనిషీ పోయాడు. ఆయనా, అమ్మమ్మా, ఇద్దరిలో ఒక్కరైనా ఇప్పుడు ఉంటే ఎంత బాగుండునో.

మనవరాలు అంతా విని ఫోను బోర్లా పెట్టేసింది. గ్రూపులో ఏమీ రాయలేదు. గోడ మీది బొమ్మను చింపేస్తుందేమో అనుకున్నాను, చింపలేదు. దాని వైపే చూస్తూ, “ఆయన పక్కన ఇప్పుడు ఎవరైనా కూర్చుని ఉంటారా మామ్మా?” అంది.

వాళ్లమ్మ ఉంటుందిలే అన్నాను. నాకేం తెలుసు, ఉంటే బాగుండునని అన్నాను. తప్పు చేశాడని నిజం చెప్పాలి, చెప్పాక లేచి వెళ్లిపోకూడదు. అమ్మమ్మ నాకు ఇలా విడమరిచి ఏనాడూ చెప్పలేదు. గంప వదిలేసి దిబ్బ ఎక్కింది, అంతే. పది గొంతులు కలిసి ఒక మాట అన్నప్పుడల్లా నేను ఇప్పటికీ ఒకసారి నా అరచెయ్యి చూసుకుంటాను. ఎవరైనా తలవంచుకుని ఒంటరిగా కూర్చుంటే నా కాళ్లు వాటంతటవే అటు పోతాయి.

మనవరాలు వెక్కడం మొదలుపెట్టింది. మంచం మీద దాని పక్కన జరిగి కూర్చున్నాను. ముక్కు తుడుచుకుంటూ, “నీ సీరియల్ టైమైపోతోంది మామ్మా, వెళ్లవా?” అంది.

ఇన్నేళ్ల పట్నం మాట ఎటు పోయిందో, నా నోట్లోంచి మా అమ్మమ్మ గొంతే వచ్చింది.

“ఇంకెక్కడ కూకోమంటావే.”