ఓబుళేసు పెట్టిన పాయింటు

కదిరి బస్టాండు వెనక సందులో మాకు వీడియో గేముల షాపు ఉండేది. పెట్టింది మా ఆయన మల్లికార్జున, కూర్చున్నది నేను. ఆయనకు ఊరివాళ్ళ పంచాయితీలు తీర్చడానికే పొద్దు చాలేది కాదు. మూడు టీవీలు, గోడ పొడవునా ఒక బెంచీ, కాలేజీ ఎగ్గొట్టి వచ్చిన మగపిల్లల చెమట వాసన, అదీ మా వ్యాపారం. ఆ షాపుకు పేరు తెచ్చిన మనిషి ఓబుళేసు. అతను తలెత్తి నడవలేకుండా అయిందీ అక్కడే.

ఓబుళేసు కుర్రాడేమీ కాదు, ముప్పైకి దగ్గరపడినవాడు. డిగ్రీ మధ్యలో వదిలేసి పార్సిల్ ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. సరుకు వెంట తరచుగా బెంగుళూరు పోయి వచ్చేవాడు. మాట తక్కువ, సిగ్గు ఎక్కువ. "ఉమక్కా, టీవీ ఖాళీ ఉండాదా" అని నన్ను అడగడానికి కూడా గుమ్మం దగ్గర కాసేపు నిలబడేవాడు. అలాంటివాడికి గొప్ప మీద ఆశ పుట్టకూడదు. పుడితే దాన్ని మోయడమూ రాదు, దించుకోవడమూ రాదు.

వాళ్ళ నాయన తిప్పయ్య నల్లమాడ వైపు పేరున్న జల చూసే మనిషి. అరచేతిలో టెంకాయ పెట్టుకొని చేనంతా నడిచేవాడు. టెంకాయ లేచి నిలబడిన చోట కింద నీళ్ళున్నట్టు లెక్క. అక్కడ రాయి పాతి పసుపు కుంకుమ చల్లేవారు, తర్వాత బోరు బండిని పిలిపించేవారు. దాన్ని మా వైపు పాయింటు పెట్టడం అంటారు. తిప్పయ్య పెట్టిన పాయింట్లలో నీళ్ళు పడనివి కూడా బాగానే ఉన్నాయి. కాకపోతే మనిషి పోయాక వాటిని ఎవరూ గుర్తు పెట్టుకోలేదు.

రెండువేల ఒకటో సంవత్సరం ప్రాంతంలో మా షాపులో ఒక ఆటకు గిరాకీ ఎక్కువగా ఉండేది. పాడుబడిన కోట, దాని కింద సొరంగాలు, గోడల్లో దాచిన తలుపులు. పిల్లలు దాన్ని కోట గేము అనేవారు. అందరూ ఒక గదిలోకి పోయి ఇరుక్కునేవారు. బయటికి దారి దొరికేది కాదు, వాళ్ళు పెట్టే కేకలకు నాకు తలనొప్పి వచ్చేది.

ఒక సాయంత్రం ఓబుళేసు బెంచీ మీద నుంచి లేచి, ఆ టీవీ మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"ఎడమపక్క దీపం కింద తన్ను" అన్నాడు ఆడుతున్న పిల్లవాడితో.

వాడు తన్నాడు. గోడ తెరుచుకుంది. "ఎట్ల తెలిసిందన్నా?" అన్నాడు వాడు. ఓబుళేసు నోరు తెరిచేలోపే పక్కవాడు అందుకున్నాడు. "తిప్పయ్య కొడుకు గదరా. మరుగులో ఉండేది వాళ్ళకు కనపడతాది."

ఓబుళేసు అవుననలేదు. కాదనీ అనలేదు. కొంచెం నవ్వి మళ్ళీ వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. కాదని ఒక్క మాట అనుంటే నేను ఈ కథ చెప్పాల్సిన పనే ఉండేది కాదు.

అసలు సంగతి చివర్లో చెబితే రక్తి కడుతుందంటారు. నాకంత ఓపిక లేదు, ఇప్పుడే చెప్పేస్తాను. బెంగుళూరులో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలమ్మే ఒకాయన దగ్గర ఓబుళేసు ఒక పుస్తకం కొన్నాడు. ఫారిన్‌లో అచ్చయినది, నున్నటి కాగితం, ప్రతి పేజీలో రంగుల బొమ్మలు. కోట గేము మొదలు నుంచి చివరి వరకు ఎలా ఆడాలో అందులో ఉంది. ఏ గోడ ఉత్తుత్తిదో, ఏ తాళంచెవి ఎక్కడుందో, సొరంగాలు ఎటు పోతాయో మ్యాపులు గీసి మరీ చూపించారు. దాన్ని గదిలో గడియ పెట్టుకొని బట్టీ పట్టి వచ్చేవాడు. తర్వాత వేరే ఆటలవీ కొన్నాడు. టీవీ మీద చెయ్యి పెట్టడం మటుకు సొంత తెలివి.

అప్పటికే మా ఎదురుగా తిప్పేస్వామి ఇంటర్నెట్ సెంటర్ తెరిచాడు. పుస్తకంలో ఉన్నదంతా నెట్‌లో ఊరికే దొరికేదట. అయినా ఓబుళేసు దుడ్లు పెట్టి పుస్తకాలే కొన్నాడు. నెట్ సెంటర్లో చాటు ఎక్కడిది? నలుగురు వెనక నిలబడి చూస్తారు. పోనీ ప్లైవుడ్ గదిలో తలుపేసుకొని కూర్చుంటే, బయటికొచ్చిన మగవాడిని చూసి కదిరి మొత్తం ఇంకో అర్థం తీసుకుంటుంది. పుస్తకమైతే పరుపు కింద దాక్కుంటుంది. పైగా ఆ మ్యాపులంటే అతనికి ప్రాణమని తర్వాత నాకే చెప్పాడు. నేల కింద ఏముందో ఎవరో తెలిసినవాళ్ళు గీసిపెట్టారనుకుంటే అతనికి ధైర్యంగా ఉండేదట.

ఆ బెంచీ మీద ఆటతో పనిలేని మనిషి ఒకాయన కూర్చునేవాడు. మా ఆయనకు చిన్నాయన వరస, పేరు పుల్లన్న, నల్లమాడ దగ్గర సేద్యం. టౌనులో పనయ్యాక బస్సు వచ్చేవరకు మా షాపులో నీడకు కూర్చొని టీవీలు చూసేవాడు. ఆయనకు చీనీ తోట ఉంది, బత్తాయినే మా వైపు చీనీ అంటారు. ఆ తోటకు మొదటి బోరు పాయింటు పెట్టింది తిప్పయ్యే, చాలాకాలం నీళ్ళిచ్చింది. అది ఎండిపోయాక ఇంకెవరితోనో పెట్టించి వేసిన బోర్లలో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఆ ఏడు వానలు మళ్ళీ ఎగ్గొట్టాయి. కాపుకొచ్చిన చెట్లు కొమ్మకొమ్మ ఎండుతున్నాయి. ట్యాంకరు నీళ్ళతో ఎన్నాళ్ళని బతికిస్తాడు?

ఒకరోజు ఓబుళేసు ఎప్పటిలా చెయ్యి పెట్టి ఒక తలుపు చూపించాడు. పుల్లన్న లేచి అతని దగ్గరికి పోయాడు.

"నువ్వు తిప్పయ్య కొడుకువంట గదప్పా. మా తోటలో పాయింటు పెట్టు."

ఓబుళేసు ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఇది ఆట మామా" అన్నాడు.

"ఆటైతేమి? కనపడనిదే గదా నువ్వు చూపిస్తాండేది. మీ నాయన గూడా ముందు రానే రాదనేవాడు."

షాపంతా ఆటలు ఆపి వీళ్ళనే చూస్తోంది. "పో అన్నా, నువ్వు పెడితే పడతాయి" అన్నాడొకడు. ఓబుళేసు నా వైపు చూశాడు. ఎందుకు చూస్తున్నాడో నాకు తెలియదు, సిగ్గరి కదా అనుకున్నాను. పుస్తకం అనే ఒక్క మాట గొంతు దాకా వచ్చి ఆగిపోయిందని తర్వాత చెప్పాడు. ఆ పిల్లల ముందు వెలవెలపోవడం కంటే చేనికి పోవడమే తేలిక అనిపించిందట అప్పటికి.

పోయాడు. వాళ్ళ నాయనలాగే తెల్లబట్టలు కట్టుకొని, చెప్పులు విడిచి, చేతిలో టెంకాయతో తోటంతా తిరిగాడు. టెంకాయ కదల్లేదు. ఎండ నెత్తికెక్కింది. వెనకాలే పుల్లన్న, ఆయన భార్య మారెక్క నడుస్తున్నారు. ఒక ఎండిన చెట్టు దగ్గర ఓబుళేసు వేళ్ళు సన్నగా వంచాడు. టెంకాయ లేచింది. మారెక్క అక్కడే కూలబడి నేలకు మొక్కింది.

బోరు బండి పిలవడానికి మారెక్క కమ్మలు తీసిచ్చిందని మా ఆయన చెబితే తెలిసింది. మొదటి నీళ్ళు పట్టి దేవరకు తీసుకుపోవాలని బిందె తోమి, పసుపు రాసి, కుంకుమ పెట్టి బండి పక్కన ఉంచిందట. పొద్దున మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి తెల్లదుమ్ము లేచి ఆ బిందెను, మనుషులను, చీనీ ఆకులను కప్పేసింది. డ్రైవరు ఇంకా లోతుకు పోదామా అని అడిగితే పుల్లన్న వద్దని చెయ్యి ఊపాడు. ఓబుళేసు అక్కడే ఉన్నాడు. అతన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. మారెక్క అన్నం తిని పొమ్మంది కూడా.

తర్వాత కొన్నాళ్ళు ఓబుళేసు షాపుకు రాలేదు. వచ్చిన రోజు ఊరికే మూలన నిలబడ్డాడు. పుల్లన్న బస్సు కోసం బెంచీ మీద ఉన్నాడు. సరిగ్గా అప్పుడే తిప్పేస్వామి తన సెంటర్లో తీసిన ప్రింటు కాగితాలు పట్టుకొని వచ్చాడు. "కోట గేము మొత్తం దీంట్లో ఉండాది. ఇంగ మీకు ఏ స్వామీ అక్కర్లేదు" అని నవ్వి ఒక్కొక్క లైను చదివాడు. ఎడమపక్క దీపం కింద తన్నమని అందులోనూ ఉంది.

నేనైతే ఇక పిల్లలు ఓబుళేసును ఏకి పారేస్తారనుకున్నాను. జరిగింది వేరు.

"మా ఓబుళేసన్న ఏ కాగితం చూడకుండానే చెప్పినాడు. నీ మాదిరి చదివి చెప్పేదానికి ఎవురైనా చెప్తారు" అన్నాడొకడు తిప్పేస్వామితో.

"మరి బోరు?" అన్నాడు తిప్పేస్వామి.

బెంచీ మీద నుంచి పుల్లన్న అన్నాడు. "దానికి ఆ పిల్లోడేం చేస్తాడు? నా నేల మంచిది కాదు. కోటలో ఉండింది చూపించినాడు. నా చేన్లో లేదు, యాడ నుంచి చూపిస్తాడు?"

ఓబుళేసు గబగబా బయటికి పోయాడు. తిట్టుంటే అక్కడే నిలబడేవాడేమో. కొంచెంసేపటికి పుస్తకాలన్నీ చంకన పెట్టుకొని వచ్చి, కోట గేముది తీసి పుల్లన్న ఒళ్ళో పెట్టాడు.

"నాకేం కనపడదు మామా. అంతా దీంట్లో చూసే చెప్పినా. నీ చేన్లో టెంకాయ లేయల్యా, నేనే లేపినా."

అతని వైపు చూడడానికి నాకే సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది. మారెక్క బిందె గుర్తొచ్చి, లేచి నాలుగు కడిగేద్దామనిపించింది. కానీ పుల్లన్న పుస్తకం తిప్పుతున్నాడు. చదువు రాని మనిషి, ఒక్కొక్క పేజీ వేలితో తడిమి మరీ చూస్తున్నాడు. కోట కింద సొరంగాల మ్యాపు దగ్గర ఆగాడు.

"ఈ నీలం రంగేందప్పా?"

"నీళ్ళు మామా" అన్నాడు ఓబుళేసు.

"నేల కిందవేనా?"

"ఊఁ."

"యాడుండాయో ముందే గీసినారా?"

ఓబుళేసు తలూపాడు. పుల్లన్న వేలు ఆ నీలం మీదే ఉంది.

"మా నల్లమాడ భూములకు ఇట్లాంటి బుక్కు ఎవురూ ఏయలేదా? బెంగుళూరులో దొరికితే తెచ్చియప్పా."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. నేను కూడా దెప్పిపొడుస్తున్నాడేమో అనుకున్నాను. ఆయన ముఖం చూస్తే అదేమీ లేదు.

"నన్ను తిట్టు మామా" అన్నాడు ఓబుళేసు.

"తిడితే నీళ్ళు పడతాయా" అని పుల్లన్న పుస్తకం మూసి అతని చేతికిచ్చి, బస్సు వచ్చిందని లేచిపోయాడు.

ఓబుళేసు మళ్ళీ మా షాపులో అడుగు పెట్టలేదు. పుల్లన్న చెట్లు కొట్టి కట్టెలకు అమ్మాడు. టౌనుకొస్తే మాత్రం పాత అలవాటు కొద్దీ మా బెంచీ మీదే కూర్చునేవాడు. పార్సిల్ ఆఫీసు నుంచి ఓబుళేసు ఆ సందులోనే పోవాలి. కనబడగానే పుల్లన్న లోపలి నుంచే అడిగేవాడు. "దొరికిందా ఓబుళేసూ?"

అతను రోడ్డు మీద ఆగి, తల వంచుకొని, "లేదు మామా" అనేవాడు.

చూసి చూసి నాకే ఉండబట్టలేక ఒకరోజు అతన్ని ఆపి, వెనక రోడ్డు నుంచి పోవచ్చు కదా, ఎందుకు నీకీ బాధ అన్నాను.

"బెంగుళూరు పోయిన ప్రతిసారీ అడుగుతాండా అక్కా" అన్నాడు ఓబుళేసు. "అట్లాంటి బుక్కు ఉండదని నాకు తెలుసు. ఆ ముసలాయన అడిగినప్పుడు మటుకు, అడిగినానని చెప్పేదానికి నేను ఈడ ఉండల్ల గదా."