నునుపు తేలని గరిటె

నా చిన్నప్పుడు ఉదయగిరిలో జరిగిన సంగతి ఇది. ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదని మా ఊరి కొండ మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇప్పుడు నేనుండే ఆత్మకూరులో నన్ను ఎరిగినవాళ్ళు ఈ ఒట్టు చూసి నవ్వుతారు. నవ్వనీండి.

నాకు పదేళ్ళప్పుడు మా మామ దుత్తలూరు సజ్జ చేలల్లోంచి ఒక జినువాయి పిట్టను పట్టి తెచ్చి ఇచ్చినాడు. గుప్పిట్లో పెట్టుకుంటే ముక్కు మాత్రమే బయటికి కనబడేంత చిన్నది. కొర్రగింజను ముక్కుతో పట్టి, పొట్టు అవతలికి ఊసి, పప్పు మింగేది. దాని వెదురు పంజరాన్ని నాయన వసారా దూలానికి కట్టి ఒకే మాట చెప్పినాడు. పంజరం కిందికి దిగిన రోజున పిట్ట మన ఇంట్లో ఉండదని.

వేసవి సెలవుల్లో ఒక పొద్దున, నాయన చేజర్లకు పోయి ఉండగా, పిల్లకాయలకు చూపించాలని పంజరం దించి అరుగు మీద పెట్టినాను. చూపించి, గోళీలాటలో పడి మరిచిపోయినాను. కిచకిచలు విని పరుగెత్తి వచ్చేసరికి వీధిలో తిరిగే గండుపిల్లి ఊచల మధ్య మూతి దూర్చి ఉండాది. నన్ను చూసి గోడ దూకింది. పిట్ట ఒక మూలకు ఒరిగి, ఎడమ రెక్క వేలాడేసి, నోరు తెరిచి ఎగశ్వాస పీలుస్తా ఉండాది.

పిల్లకాయలు మూగినారు. ఏందిరా, ఏమైందిరా అన్నారు. పిల్లి అనాల్సిన చోట నా నోట్లోంచి డేగ వచ్చింది. కొండ మీంచి దిగిందన్నాను. రెక్కలు చాపితే మా వసారా అంతా నీడ కమ్మిందన్నాను. పంజరాన్ని తాడుతో సహా తెంపి పడేసిందనీ, నేను చీపురు తిరగేసి రెండు తగిలిస్తే ఈకలు రాల్చుకుంటా పారిపోయిందనీ చెప్పినాను. "ఈకలేవిరా?" అన్నాడొకడు. "గాలికి పోయినాయి" అన్నాను.

మా పక్కింట్లో గరిటెల తాత ఉండేవాడు. చెక్కతో గరిటెలూ స్పూన్లూ చెక్కడం వాళ్ళింటి పని. కాలు విరిగిన కోడిపిల్లలకు పుల్లలు కట్టి నడిపించిన చేతులు ఆయనవి. నేను తీసుకుపోయిన పిట్టను ఒళ్ళో పెట్టుకుని, ఏది పట్టిందిరా అని అడిగినాడు. డేగ అన్నాను. డేగ గోళ్ళు వీపున దిగుతాయని వీపు మీద ఈకలు ఊది ఊది వెతికినాడు. ఏమీ దొరకలేదు. ఊరికే తిప్పి తిప్పి చూస్తే బెదురుకే ప్రాణం పోతుందని, రెక్కను ఒంటికి చేర్చి గుడ్డపీలికతో చుట్టి, బుట్టలో పెట్టి మూత వేసినాడు.

ఎండెక్కే కొద్దీ అది కుదుటపడుతుందనుకుంటే, ఈకలు ఉబ్బించుకుని కళ్ళు మూయడం మొదలుపెట్టింది. తాత బుట్ట వంక చూసినాడు, నా వంక చూసినాడు. అప్పుడే చెక్కిన చిన్న గరిటె ఒకటి, రుద్దడానికి ఎండిన మొగలాకు నా చేతికిచ్చినాడు. "మందు దీంతోనే పొయ్యాల. గరుకుంటే నోరు కోసుకుంటాది. నునుపు చెయ్యి బేటా. ఒక్క మాట, అబద్ధమాడిన చేతికి ఇది నునుపు తేలదు."

రుద్దినాను. పీచు లేచింది. ఇంకా గట్టిగా రుద్దినాను. ఇంకా లేచింది. అంతదాకా బుట్టలో గోళ్ళు గీరుకుంటున్న చప్పుడు వినబడతా ఉండేది. అది నిదానించింది. నిజం చెబితే పిట్ట నాది కాకుండా పోతుంది. చెప్పకపోతే పిట్టే పోతుంది. వాకిట్లో పిల్లకాయలు నా డేగ ముక్కుకు అప్పుడే గాట్లు కూడా పెట్టి చెప్పుకుంటున్నారు. లోపల బుట్టలో చప్పుడు ఆగిపోయింది.

"తాతా, డేగ కాదు. పిల్లి."

తాత గబగబా గుడ్డ విప్పి రెక్క ఎత్తినాడు. చంక కింద ఆవగింజంత పంటి గాటు. పిల్లి పన్ను దిగితే లోపల చీము పడుతుందంటా గోరువెచ్చటి ఉప్పునీళ్ళతో కడిగి, నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని పశువుల ఆసుపత్రికి తొక్కినాడు. బుట్ట నా ఒళ్ళో ఉండాది. మూత ఎత్తి చూడొద్దన్నాడు. దారంతా నేను మూతకు చెవి ఆనించి కూర్చున్నాను. కాంపౌండరు తలుపుకు తాళం వేస్తా ఉండాడు. మళ్ళీ తీసి, ఇంకు ఫిల్లరుతో ఒకే చుక్క మందు దాని ముక్కు అంచున వేసినాడు. కాసేపటికి పిట్ట మింగింది. నేనూ మింగినాను, ఉమ్మి.

సాయంత్రం నాయనకు అంతా చెప్పేసినాను. ఆయన తిట్టలేదు, అన్న మాట మాత్రం నిలబెట్టుకున్నాడు. పంజరం తాత ఇంటికి పోయింది. నేను రోజూ పోయి, ముట్టుకోకుండా చూసి వచ్చేవాడిని. పదో రోజున కట్టు విప్పితే పిట్ట పెంకుల మీదికి ఎగిరి, ఒకసారి మా వైపు తల తిప్పి, కొండ వైపు పోయింది.

గరిటె సంగతి ఆ తర్వాతెప్పుడో అడిగితే తాత భుజాలు ఎగరేసి నవ్వినాడు. "అది ఆరని కర్రరా. నేను రుద్దినా పీచే లేస్తాది." నిజం రాబట్టడానికి నాకంటే పెద్ద అబద్ధమే ఆడినాడన్నమాట. అంతటితో నేను అబద్ధాలు మానలేదు. కానీ నొప్పి ఎక్కడ అని అడిగినవాళ్ళకు మాత్రం ఏనాడూ కథ చెప్పలేదు.

ఒట్టు వేసినాను కాబట్టి ఒకటి ఒప్పుకోవాల. పిట్ట ఎగిరిపోలేదు. కట్టు విప్పినాక రెక్క చాపి, నేల మీదే పడింది. చీము కీలుకు పట్టిందన్నాడు తాత. ఆయన ఇంట్లోనే గెంతుకుంటా చాలాకాలం బతికింది. ఈ కథ చెప్పిన ప్రతిసారీ దాన్ని ఎగరేసేది నేనే. పొద్దున్నే చెప్పుంటే ఎగిరేదా తాతా అని అడిగినాను. "అయినా ఎగిరేది కాదులే" అన్నాడు, నా వైపు చూడకుండా, ఉలి నూరుకుంటా.

ఆ గరిటె ఇప్పుడు ఆత్మకూరులో మా ఉప్పుడబ్బాలో ఉండాది. కర్ర ఆరి ఎన్నో ఏళ్ళయింది. ఇప్పుడు రుద్దితే నునుపు తేలుతుంది. నేను రుద్దలేదు.